పురిటి గది గోడ

ఇవాళ సామాన్ల గది తలుపు తీయగానే తడిసిన సున్నం వాసన ముక్కుకు తగిలింది. వెంటనే మా అత్తగారు గుర్తొచ్చారు. మనిషిని ఇలాంటి వాసనతో తలచుకోవడమేమిటని మీరు నవ్వవచ్చు. ఆవిడ నాకు అర్థమైంది ఆ వాసన కొట్టే గదిలోనే.

ఒరిస్సా కొత్త రాష్ట్రమైన తొలి ఏళ్లవి. బరంపురం గేట్ బజారులో మావయ్యగారికి పసుపు టోకు దుకాణం. దాని వెనకే ముచ్చటపడి సిమెంటు ఇల్లు కట్టించారు. నాకు అమ్మ లేదు కనుక తొలి పురుడు అత్తవారింట్లోనే జరిగింది. చలికాలం. బాలింతకు గాలి తగలకూడదని అత్తగారు గాలికంతల్లో గుడ్డలు కుక్కించి, కిటికీ బిగించి, కుంపటి మీద నీళ్లకుండ పెట్టించారు. ఆ ఇంట్లో ఆవిడ మాటకు తిరుగులేదు. వారం తిరక్కుండా ఉత్తరపు గోడ మీద నీళ్లు కారడం మొదలైంది, మూలల్లో నల్లగా బూజు పట్టింది. నాకు ఒకటే తలనొప్పి. పిల్లకు దగ్గు, పాలు తాగబోతే ఊపిరి అందేది కాదు. అది దక్కుతుందా అని హడలిపోయి దాని ఎదురొమ్ము వంకే చూస్తూ కూర్చునేదాన్ని.

ఇల్లు కట్టిన మేస్త్రి రాములును మావయ్యగారు పిలిపించి గుమ్మం బయటే నిలదీశారు.

"ఏటిది రాములూ? సిమెంటు మింగీసి ఇసక పూసినావా?"

"వానలెల్లిపోనాయి కదా బాబూ! బయట్నించి నీల్లెలాగొస్తాయి?"

మావయ్యగారు గోడ పగలగొట్టిస్తానన్నారు. అత్తగారు అడ్డుపడ్డారు.

"ఆగండి. ఎవలి తప్పో రేపు తెలుస్తాది."

గోడ పొడిగా తుడిచి, నా చేతి అద్దాన్ని చుట్టూ మైనం పెట్టి అంటించారు. "తడి గోడలోంచొస్తే అద్దం ఎనకాలుంటాది. అప్పుడు సెప్తాను ఈడి పని," అన్నారు. మేస్త్రి దొరికిపోతాడని ఆవిడకు గట్టి నమ్మకం.

తెల్లవారి చూస్తే అద్దం ముందువైపంతా నీటి చుక్కలు. ఊడదీస్తే వెనక గోడ పొడిగా ఉంది. బయటి చలికి చల్లబడిన గోడకు మా కుంపటి ఆవిరే పట్టి నీరవుతోందన్నమాట. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ పైటచెంగుతో ఒక్కసారి తుడిచేస్తే అడిగేవారు లేరు, నేను నోరెత్తేదాన్నీ కాను. ఆవిడ తుడవలేదు. గుమ్మంలోకి వెళ్లి, మేస్త్రికి కూడా కబురుపెట్టి అందరినీ పిలిచారు.

"రాములూ, ఇటు సూడు. గోడది కాదు తప్పు, నీదీ కాదు. నాది. మూసీమన్నది నానే."

పీట ఎక్కి గుడ్డలన్నీ తానే లాగేశారు. కుంపటి వసారాలోకి పోయింది.

"చలి కదా అత్తా?" అన్నాను.

"పిల్లకి ఇంకో దుప్పటి కప్పు. ముందు దానికి ఊపిరాడాల."

నాలుగు రోజుల్లో దగ్గు తగ్గి, పిల్ల కడుపునిండా పాలు తాగింది. నేను కరువుతీరా ఏడ్చాను.

అత్తగారి నోరు తగ్గిందేమీ లేదు. పోపు మాడితే ఇల్లు పీకి పందిరి వేసేవారు. కానీ ఆవిడంటే భయం నాకు ఆ ఉదయంతోనే పోయింది. మాట వినడం మాత్రం మానలేదు, ఇష్టంగానే విన్నాను. ఇప్పుడు ఈ ఇంటికి పెద్దదాన్ని నేను. కోడళ్ల ముందు "నాదే తప్పు" అనవలసి వచ్చిన ప్రతిసారీ నాకు కష్టంగానే ఉంటుంది. అయినా అంటాను.