కదలని వ్యాను

లాక్‌డౌన్ పెట్టి బడి మూసేసినా, బడి వ్యాను డ్రైవరుకి పొద్దున్నే లేచే జబ్బు మాత్రం పోలేదు. పొట్టి మనిషి, సీటు మీద దిండు వేసుకుంటే గానీ రోడ్డు కనపడదు. ఇంటిముందు నిలబెట్టిన వ్యానుని రోజూ పసిపిల్లకి నీళ్లు పోసినట్టు కడుగుతాడు. తర్వాత దిండెక్కి, అద్దంలో వెనక్కి చూసి, "ఏయ్, చేతులు లోపల పెట్టండి" అని ఖాళీ సీట్లని కసురుకుంటాడు. "ఎవర్నయ్యా తిడుతున్నావ్?" అంటుంది భార్య వంటింట్లోంచి.

ఇంట్లో సిగ్నల్ అందక, ఆవేళ ఆన్‌లైన్ క్లాసుకని కూతుర్ని ఫోనుతో సహా వ్యానులో కూర్చోబెట్టాడు. టీచరమ్మ ఎక్కం మొదలుపెట్టిందో లేదో, ఫోనులోంచి ఓ పిల్ల కెవ్వుమంది. "అది మన వ్యాను! అది నా సీటు!" ఇంకేముంది, తేనెతుట్టె కదిలింది. ఆ క్లాసులో అందరూ ఆ వ్యాను ఎక్కేవాళ్లే. "నాది చూపించు మామయ్యా!" "నా స్టిక్కరుందా?" సీట్లకి స్టిక్కర్లు అంటిస్తే వీపు చీరేస్తానని బెదిరించే మనిషి, ఒక్కటీ పీకలేదు. "డ్రైవర్ గారూ, పాఠం జరుగుతోందండీ!" అని టీచరమ్మ మొత్తుకుంటున్నా వినే నాథుడు లేడు. ఫోను పట్టుకుని సీటు సీటుకీ తిరిగి, ఎవరిది వాళ్లకి చూపించి, చెమటలు కక్కుతూ వచ్చి దిండు మీద కూలబడ్డాడు. బండి తీసేముందు రోజూ అడిగే మాట నోటికొచ్చేసింది.

"అందరూ ఎక్కారా?"

"ఎక్కాం!" ఫోను బద్దలయ్యేంత అరుపు. చెయ్యి దానంతటదే గేరు మీదికి పోయింది.

"ఆగండాగండి డ్రైవర్ గారూ," టీచరమ్మ గొంతు అందర్నీ మించి వినిపించింది, "నేనింకా ఎక్కలేదు!"