గొంతుకు కూలి

రఘునాథపల్లి ఐలేశ్‌ది ఒగ్గు కథ చెప్పుకొని బతికే ఇల్లు. కొలుపు కోసం రంగు ముగ్గులతో పట్నాలేసిన ఇంట్లో మల్లన్న కథ మంగళహారతి దాకా పాడాక అతడు నోరు తెరిచి ఏమీ అడిగేవాడు కాదు. వాకిట్లో ఓ పక్కన నిలబడేవాడు, అంతే. ఆ ఇంటి ఇల్లాలే చాటలో బియ్యం, పైన దక్షిణ పెట్టి తెచ్చి కండువాలో పోసేది. అడిగితే కథకుడికి తలవంపులు, అడిగించుకుంటే ఇంటికి తలవంపులు.

రాష్ట్రం కోసం ఊళ్లు లేచిన రోజుల్లో ఉద్యమ కమిటీ సుదర్శన్ వచ్చి, "నీ గొంతు లేకుంటే సభ లేస్తదానె అన్నా?" అని జీపెక్కించాడు. ఐలేశ్ సంబరంగానే పోయాడు. జనగామలో, మానుకోటలో, భూపాలపల్లి గని కార్మికుల క్వార్టర్ల దగ్గర తాను కట్టిన పాటలు మల్లన్న వరసల్లో పాడాడు. జనం ఊగిపోయారు.

సభ అయ్యాక అలవాటు కొద్దీ వేదిక మెట్ల పక్కన నిలబడ్డాడు. మైకువాడికి కిరాయి ముట్టింది. టెంటువాడికి ముట్టింది. జీపు డీజిల్ తాగింది. ఐలేశ్ నిలబడే ఉన్నాడు.

"అరె, అన్న ఫొటో కోసం ఆగిండు!" అంటూ సుదర్శన్ భుజం మీద చెయ్యేసి ఫొటో దిగి పంపించాడు.

రెండు ఎండాకాలాలు ఇదే తంతు. పట్నాలకు పిలిచేవాళ్లు, "ఐలేశ్ పెద్దోడైండు, జీపులల్ల తిరుగుతాండు" అని వేరే మేళాన్ని మాట్లాడుకున్నారు.

"గట్లనే నిలబడు, కాళ్లకు వేర్లొస్తయి," అంది భార్య రాధమ్మ. "అడుగరాదు?"

"అడిగితే పాటకు ఇజ్జత్ ఉంటదానే?"

"గా ఇజ్జతే వండుకొని తిందాం పా."

ఐలేశ్ జనగామ పత్తి మిల్లులో హమాలీగా కుదిరాడు. ఆ దూది దుమ్ములో గొంతు నిలవదని తెలిసే కుదిరాడు.

నెల తిరక్కుండా మిల్లు గేటు ముందు జీపు ఆగింది. "పెద్ద సభ ఉన్నది, నడువన్నా," అన్నాడు సుదర్శన్.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఐలేశ్ అడిగాడు. "నా కూలి పోతది. ఎంతిస్తరు?"

పాయసంలో పురుగును చూసినట్టు చూశాడు సుదర్శన్. "పాటకు కూలేందన్నా? పోరగాండ్లు పానాలిస్తాండ్రు, నువ్వు పైసలడుగుతానవా?"

"మైకోనికిచ్చేటప్పుడు గా పానాలు యాదికి రాలే?"

"మైకు సామాను. గిది సేవ."

"నా కడుపు గూడ సామానే గదనే."

జీపులో కూర్చున్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఒకడు సెల్‌ఫోన్ పైకెత్తాడు. "ఆయనను వదిలెయ్ సుదర్శనన్నా. పాటలన్నీ నా మెమరీ కార్డుల ఉన్నయి. స్టేషన్ కాడి దుకాణపోడు ఇరువై రూపాయలకు ఎక్కిచ్చిండు."

పాట ఎక్కించినవాడికి కూడా ముట్టింది! సుదర్శన్ జీపెక్కాడు. జీపు మీది మైకు డబ్బాలో ఐలేశ్ గొంతే మోగుతూ, రోడ్డు పొడుగునా జనాన్ని రమ్మని పిలుస్తూ పోయింది.

లోపలి నుంచి ఒక హమాలీ పరుగున వచ్చాడు. "అబ్బ, ఏం పాడిండే! ఎవలన్నా అది?"

"ఎవడో పుక్కట్ల పాడేటోడు," అని ఐలేశ్ కాండ్రించి ఉమ్మి, పత్తి కుక్కిన బోరం కింద వీపు పెట్టాడు.