తలుపు మీది నామాలు

మొన్న ఎదురింటి వీధి తలుపును ఎవరో ఉప్పుకాగితంతో రుద్దుతుంటే, ఆ గరగర చప్పుడుకూ పాత రంగు పొడి వాసనకూ నా చిన్నతనం గుర్తొచ్చింది.

అప్పట్లో మా ఇల్లు తిరుపతిలో, కొండ బస్సులు ఆగే చోటుకు దగ్గర్లో ఉండేది. మా వీధి తలుపుకు రంగు వేయించాలని నాయన పెయింటరును పిలిపించాడు. అతను పాత రంగు గీకుతూ తలుపు మధ్యనున్న మూడు నామాల దాకా వచ్చేసరికి నేను అడ్డం నిలబడ్డాను. నామాలు పోతే స్వామి కూడా మా ఇల్లు వదిలి పోతాడని నా భయం.

"పాతది గీకకుంటే కొత్త రంగు పట్టదు పాపా, జరుగు," అన్నాడతను.

అవ్వ నవ్వింది. "స్వామి యాడికీ పోడులే మే. కొండకు పోయి, రంగు ఆరినాక దిగొస్తాడు."

అంతే, నా భయం సంబరమైపోయింది. స్వామి మా ఇంటికి వస్తాడు! పెయింటరు పగుళ్లలో లప్పం పెడుతున్నా, ప్రైమర్ పూస్తున్నా "ఆరిందా అన్నా?" అని ప్రాణం తీశాను. కొండ దిగిన ప్రతి బస్సుకూ వీధిలోకి పరిగెత్తాను.

సాయంత్రం గుండుతో, నుదుట నామాలతో ఒక పెద్దాయన బస్సు దిగి, మా వాకిట్లో ఆగి మంచినీళ్లు అడిగాడు.

"అవ్వా, స్వామి వచ్చినాడు! గుండు గూడా కొట్టించుకున్నాడు!"

ఆయన తడబడ్డాడు. "నేను యాడ స్వామిని తల్లీ, నాది నాయుడుపేట."

"యా ఊరైతే ఏమి, కూర్చో నాయనా," అంటూ అవ్వ చెంబుతో మజ్జిగ తెచ్చింది.

మరునాడు పెయింటరు నామాలు కొత్తగా దిద్దుతుంటే, స్వామి నిన్ననే వచ్చేశాడని అతనికి చెప్పాను. ముక్కూమొహం తెలియని మనిషి రాకకు మళ్లీ ఎన్నడూ నేను అంత సంబరపడలేదు.