యాక్టివ్ సైట్‌లో కూర్చున్నవాడు

మా ఇంట్లో సైట్ అనే మాట ఊరికే అనకూడదు. మా వైపు సైట్ అంటే ఇల్లు కట్టుకోవడానికి కొనుక్కున్న జాగా. చింతామణి ఊరి చివర మాకొకటి ఉంది. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు, మధ్యలో తుమ్మచెట్టు. ఇల్లు ఎప్పుడు కడతామో దేవుడికే తెలుసు. కానీ మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, చింతామణి మార్కెట్టుకు టమోటాలు వేసుకుని పోయినప్పుడల్లా ఆ సైట్‌కు వెళ్ళి, ఒక్కొక్క రాయినీ కాలితో తట్టి చూసి, అప్పుడే టీ తాగుతారు.

అటువంటి ఇంట్లో మా అమ్మాయి ఒక ఉదయం వంటింటి గడప మీద కూర్చుని యాక్టివ్ సైట్ గురించి మొదలుపెట్టింది.

అది చిక్కబళ్ళాపురలో డిగ్రీ చదువుతోంది. మిట్టేమరిలో బస్సెక్కి, బాగేపల్లిలో మారి, కాలేజీకి పోయి వస్తుంది. పదో తరగతి దాకా కన్నడలో చదివి, ఆ తర్వాత ఒక్కసారిగా ఇంగ్లీషులో పడింది. పోయినసారి క్లాసు ముందు నిలబడి సెమినార్ చెప్పమంటే మొదటి వాక్యానికే గొంతు పోయింది. బోర్డు వైపు తిరిగి నిలబడి, గంట కొట్టేదాకా మళ్ళీ ఇటు తిరగలేదట. ఇప్పుడు మళ్ళీ దాని వంతు వచ్చింది, ఎంజైముల మీద. ఈసారీ గొంతు రాకపోతే కాలేజీ మానేస్తానని నాతో అంది. అరిచి చెప్పి ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. మెల్లగా చెప్పింది. అందుకే భయమేసింది.

సైన్సు తెలియనివాళ్ళకు ముందు చెప్పి చూడమని వాళ్ళ మేడం సలహా ఇచ్చింది. అటువంటి మనిషి కోసం మా అమ్మాయి ఎక్కువ వెతకాల్సిన పని లేకపోయింది. నేను బడి ముఖం చూడలేదు. మా నాన్న పంచలో కూర్చోబెట్టి ఇసుకలో అక్షరాలు దిద్దించాడు, భజన పాటలు చదివించాడు. ఆ ఇసుకకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

నేను సంగటి కెలుకుతున్నాను, అది చెబుతోంది. ఒంట్లో జరగాల్సిన పనులు వాటంతటవి జరగాలంటే ఎంతో కాలం పడుతుందట. ప్రతి పనికీ ముందు ఎక్కాల్సిన మిట్ట ఒకటి ఉంటుందట. ఎంజైము ఆ మిట్ట ఎత్తు తగ్గిస్తుంది, పని చిటికెలో అయిపోతుంది. అయ్యాక తాను మాత్రం ఎప్పటిలాగే ఉండి ఇంకో పనికి పోతుంది. ఇది సంబంధాలు కుదిర్చే మా పిన్నమ్మే అన్నాను. రెండిళ్ళనూ కలిపి, భోంచేసి, మూడో ఇంటికి పోతుంది, ఆమెలో ఏ మార్పూ ఉండదు. ఎంజైము భోంచేయదు, అంతే తేడా అని మా అమ్మాయి నవ్వింది. అది నవ్వి చాలా రోజులైంది. పిన్నమ్మ చల్లగా ఉండాలని అనుకున్నాను.

అన్నం మెతుకును చాలాసేపు నమిలితే తియ్యగా మారేది కూడా ఎంజైము పనేనని, దాని పేరు అమైలేజ్ అని చెప్పింది. రాగులు మొలకెత్తించి పిండి పట్టిస్తే జావ పలచగా, తియ్యగా రావడం నేను చేత్తో ఎరుగుదును. దాని వెనక ఉన్నదీ అదేనట. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన స్వామికి దణ్ణం పెట్టాను గానీ నోట్లోనే ఉండి చాకిరీ చేసే ఈ అమైలేజును ఒక్కనాడూ తలుచుకోలేదు. ఆ పూట నుంచి మొదటి ముద్దకు ముందు పెట్టే దణ్ణంలో దాన్నీ కలుపుకున్నాను.

ఎంజైముల్లో ఏడు తెగలున్నాయి. వాటి ఇంగ్లీషు పేర్లు దానికే నోరు తిరగలేదు, ఇక నాకేం తిరుగుతాయి. అందుకని చుట్టాల పేర్లు పెట్టుకున్నాం. ఒకరింటి గిన్నె ఇంకొకరింట్లో పెట్టే మా తోటికోడలు ట్రాన్స్‌ఫరేజ్. మా ఆడపడుచు వచ్చిందంటే అలమారలోని డబ్బాలన్నీ చోటు మారతాయి, ఒక్కటీ ఎక్కువ కాదు, ఒక్కటీ తక్కువ కాదు. ఆమె ఐసోమరేజ్. నీళ్ళు కలిపి కోసేది హైడ్రోలేజ్, నీళ్ళు లేకుండానే విడగొట్టేది లయేజ్, అతికించేది లైగేజ్. గోడకు ఇవతల ఉన్నదాన్ని అవతలికి చేర్చేది బస్సు కండక్టరు. ఒకదాని దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుని ఇంకొకదానికి ఇచ్చే తెగకు మాత్రం మా చుట్టాల్లో ఎవరూ దొరకలేదు. దాన్ని ఇంగ్లీషులోనే బట్టీ పట్టింది.

వేగం లెక్క దగ్గర అది తడబడితే నేను శనివారం గుడిని అరువిచ్చాను. ఆంజనేయస్వామి గుడిలో పులిహోర పంచేది నేనే. జనం పలచగా ఉంటే నా గరిటె ఊరికే ఉంటుంది. జనం పెరిగేకొద్దీ చెయ్యి వేగం అందుకుంటుంది. ఒక దశ దాటాక ఊరంతా వచ్చినా అంతే, ఉన్నది ఒక్క చెయ్యి కదా. అదే వీ మాక్స్ అంది మా అమ్మాయి, కళ్ళు పెద్దవి చేసి. ఆ వేగంలో సగం రావాలంటే ఎంత జనం కావాలో అది కే ఎం. కొద్దిమందితోనే సగం వేగం అందుకుంటే కే ఎం తక్కువన్నట్టు.

అంతా బాగానే ఉంది. అప్పుడు అడ్డు తగిలేవాళ్ళ సంగతి మొదలుపెట్టింది. ఎంజైములో అసలువాడు వచ్చి కూర్చుని పని చేయించుకునే చోటే యాక్టివ్ సైటట.

"అచ్చం అసలోడి మాదిరే ఉంటాడు మా. వచ్చి సైట్‌లో కూర్చుంటాడు. అసలోడు వచ్చేసరికి చోటుండదు."

బయట జగతి మీద, అంటే వీధి అరుగు మీద, అవరే చిక్కుళ్ళు ఒలుస్తున్న మా అత్తకు ఒక చెవి వినపడదు. వినపడే చెవి ఆ పూట మా వైపే ఉంది. ఆమె ఫోనులో చేయగలిగింది ఒక్కటే, పెద్దకొడుకు బొమ్మ మీద నొక్కడం. నొక్కింది.

మధ్యాహ్నానికి బావగారు మిట్టేమరిలో దిగారు, చొక్కా చెమటతో తడిసి. చింతామణి మార్కెట్టులో టమోటాలు అమ్మకుండానే సైట్‌కు పరుగెత్తారట. మా అత్త చెప్పినట్టే అక్కడ నిజంగానే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తుమ్మచెట్టు నీడలో సద్దిమూట విప్పుకున్న గొర్రెలాయన. ఆయన్ను సగం ముద్దలో లేపి తరిమి వచ్చారు. ఇప్పుడు వాడి వెనక ఎవరున్నారో తేల్చాలి.

"పాపా, వాడు యాడోడు? నీకెవరు చెప్పినారు?"

నేను నోరు తెరవబోయాను. మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"వాడు యాడోడూ కాదు పెద్దనాయనా. ఇన్హిబిటర్."

"అదేం కులమమ్మా?" అని మా అత్త అడిగింది.

ఆ తర్వాత జరిగింది నేను మరిచిపోలేను. బావగారు పంచాయితీలో కూర్చున్నట్టు కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేశారు. అది సైన్సని తెలిశాక కూడా ఆపలేదు, ఎందుకంటే సైట్ ఎవరిదైనా న్యాయం న్యాయమే. వాడు శాశ్వతంగా కూర్చుంటాడా? లేదు, వస్తూ పోతూ ఉంటాడు. లేపడమెట్లా? అసలువాళ్ళు ఎక్కువమంది వస్తే వాడికి చోటు దొరకదు.

"అంటే మనం పదిమంది పోతే చాలు," అన్నారు బావగారు.

"చాలు పెద్దనాయనా. వీ మాక్స్ ఏమీ తగ్గదు. దాన్ని అందుకునేకి జనం ఎక్కువ కావాల, అంతే. కే ఎం పెరుగుతాది. ఇంకోడుండాడు, వాడు సైట్‌లో కూర్చోడు. పక్కన చేరి ఆకారమే చెడగొడతాడు. అప్పుడు ఎంతమంది పోయినా పాత వేగం రాదు."

బావగారు తీర్పు చెప్పేశారు. "వాడు రాళ్ళు జరిపేటోడు. వాడే డేంజరు."

నేను పొయ్యి దగ్గర నిలబడి దాని గొంతే వింటున్నాను. నడుం మీద చెయ్యి, ఎదురుగా కోపంగా ఉన్న పెద్దమనిషి, ఒక్క మాట తడబడలేదు. లోపలికి పోయి స్వామి పటం ముందు దీపం వత్తి ఎగదోశాను. పగలే.

సెమినార్ రోజు బస్సు దిగి వచ్చేసరికి అందరం జగతి మీదే ఉన్నాం, బావగారు కూడా. బోర్డు ముందు నిలబడగానే గొంతు మళ్ళీ పట్టేసిందట. అప్పుడు కళ్ళు మూసుకుని ఎదురుగా పెద్దనాయనను కూర్చోబెట్టుకుని, "మాకు చింతామణిలో ఒక సైట్ ఉండాది" అని తెలుగులోనే మొదలుపెట్టిందట. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వులో గొంతు పెగిలింది. ఆ తర్వాత ఇంగ్లీషూ వచ్చింది, కన్నడమూ వచ్చింది, నా గరిటె కూడా వచ్చింది. రేపు బస్సు పాసు మళ్ళీ చేయించుకోవాలని, మామూలు మాటలాగా చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి పోయింది.

 శనివారం బావగారు నా దగ్గరికి వచ్చి, పులిహోర ఒక పొట్లం ఎక్కువ కట్టమన్నారు.

"ఎవరికి బావా?"

"ఆ ఇన్హిబిటర్‌కమ్మా. పాపం, తినేవాణ్ణి లేపినాను. కూర్చుంటే కూర్చోనీ. రాళ్ళు జరపకుంటే చాలు."