గొడుగు లోపలి అక్షరాలు

పెద్ద మేడ మెట్ల కింద, వంగితే తప్ప మనిషి పట్టని చోట గొడుగులమ్మ కొట్టు ఉండేది. కొట్టంటే పెద్ద మాట. ఒక పీట, గోడ మేకులకు వేలాడే గొడుగులు, పాత ఊచలు నింపిన డబ్బా, అంతే. మెట్లు ఎవరు దిగినా ఆవిడ నెత్తిమీద నడిచినట్టే ఉండేది. ఆ చప్పుడును బట్టి బయట వాన పడుతోందో లేదో తలెత్తకుండానే చెప్పేది. తడిసిన చెప్పులది ఒక గొంతు, పొడి చెప్పులది ఒక గొంతు అట.

పని నేర్పింది మామగారు. ఆయన పోయాక పీట కోడలిదైంది. ఆవిడకు మనుషుల ముఖాలు గుర్తుండవు, గొడుగులు గుర్తుంటాయి. ఎదురింటాయన నవ్వుతూ వస్తే ఎవరోలే అని ముఖం తిప్పుకునేది. ఆయన చంకలో గొడుగు కనబడగానే, “బాగున్నారా అన్నయ్యగారూ” అని కుశలం అడిగేది. ఆవిడ బాగుచేసిన గొడుగొకటి గాలికి ఎగిరిపోయి, సొంతదారు కంటే ముందే ఇల్లు చేరిందని వీధిలో చెప్పుకునేవారు. చేరిన మాట నిజమే కావచ్చు. తలుపు తట్టిందన్నది మాత్రం కాస్త అతి.

అలాంటి కొట్టుకు లిఫ్టు గండం వచ్చింది. మేడవాళ్లు లిఫ్టు పెట్టిస్తున్నారు, దాని గొయ్యి సరిగ్గా ఆవిడ పీట కిందే పడుతుంది. నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. ఇక మిగిలింది ఇంటి వెనకగది. అది ఉన్న సందులోకి దారి తప్పినవాళ్లు కూడా రారు. ఆవిడ భర్త బస్సు డ్రైవరు, నెమ్మదైన మనిషి. చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టేవాళ్లు కావాలట, నీడపట్టున కూర్చునే పనే కదా అన్నాడు. ఆవిడ సరేనంది గానీ, ఆ మాట అంటున్నంతసేపూ చేతిలోని గొడుగును అకారణంగా తెరుస్తూ మూస్తూ ఉంది. వెనకగదికి ఎవరైనా వెతుక్కుంటూ వస్తే సరి, లేకపోతే ఇక గుండీలే.

అప్పుడు మరిది ముందుకొచ్చాడు. ఆఫీసులో కంప్యూటర్ల పని చేసేవాడు. ఓ సెలవురోజు కూర్చుని వదినకు వెబ్‌సైటు తయారుచేశాడు. నల్లటి తెరమీద ఒక గొడుగు విచ్చుకుని, మెల్లగా తిరుగుతూ, వెనకగదికి దారి చూపిస్తుంది. ఆవిడ దాన్ని ఫోనులో కలలో చూసినట్టు చూసింది. వారం గడిచింది. ఇంతవరకూ దాన్ని ఎవరెవరు చూశారని ఆవిడ అడిగితే, నువ్వు చూశావు, నేను చూశాను, తర్వాత నేనే మళ్లీ చూశానన్నాడు మరిది.

జనానికి తెలియాలంటే ప్రకటనలు వేయించాలట. ప్రకటనలంటే డబ్బు. ఎంత పెట్టగలవని అడిగితే ఆవిడ డబ్బాలోంచి తెల్లదారపు ఉండ తీసి చూపించింది. మరిది నవ్వి ఊరుకున్నాడు. వదిన మాత్రం నవ్వలేదు. బాగుకొచ్చిన ప్రతి గొడుగు మీదా వెబ్‌సైటు అడ్రసు కుట్టి పంపడం మొదలుపెట్టింది.

మరిది మళ్లీ వచ్చినప్పుడు ఒక గొడుగు తెరిచి అటూ ఇటూ తిప్పాడు. పైన ఏమీ లేదు. లోపల, ఊచ పక్కన, అతుకు వెంట చీమలబారులా అక్షరాలు.

“ఇదేంటి వదినా, కొట్టు బోర్డు తీసుకెళ్లి వంటింట్లో తగిలించావు?”

“పైన సూది గుచ్చితే నీళ్లు కారవా? అతుకు దగ్గర గుడ్డ రెండు పొరలు. లోపలి పొరకే కుట్టాను, చుక్క దిగదు.”

“చుక్క దిగదు, సరే. చదివేదెవరు? గొడుగు పట్టుకున్నవాడే కదా. వాడికి నువ్వు తెలియబట్టేగా నీ దగ్గరికొచ్చాడు.”

మరిది అన్నది నిజమే. బతుకంతా గొడుగును లోపలి నుంచే చూసిన మనిషి, దానికి వీధికి కనబడే పక్క ఒకటుంటుందని మరిచిపోయింది. అయినా సూది ఆపలేదు. కారే గొడుగిచ్చి పేరు చెప్పుకోవడం మామగారు నేర్పిన పని కాదు.

చివరి రోజుల్లో వాన ఎడతెరిపి లేకుండా పడింది. మధ్యాహ్నం మెట్ల కింద ఆవిడకు కునుకు పట్టేది. కునుకులో ఊరి గొడుగులన్నీ పిడులు వదిలించుకుని లేచేవి. ఇళ్ల కప్పుల మీదుగా నిదానంగా, ఎవరినీ తోసుకోకుండా తేలిపోయేవి. ఒక్కొక్కదాని కడుపులో తెల్లటి అక్షరాలు మిణుకుమనేవి. కింద నిలబడ్డవాళ్లు తడుస్తూనే నోరు తెరుచుకుని చదివేవారు. నెత్తిమీద ఎవరిదో తడి చెప్పు పడేది, గొడుగులన్నీ బుద్ధిగా మేకులకు దిగిపోయేవి.

నెలాఖరు రానే వచ్చింది. డ్రైవరు పీటనూ డబ్బానూ ఇంటికి మోశాడు. వెనకగదిలో నెత్తిమీద అడుగులు లేవు. బయట వాన పడుతోందో లేదో తెలియక ఆవిడ మాటిమాటికీ కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకునేది. సోమవారం నుంచి ఫ్యాక్టరీకి వెళ్లాలి. శనివారం సాయంత్రం వరకూ ఒక్క గొడుగు రాలేదు. ఆవిడ ఊచల డబ్బాకు మూత పెట్టి, పైన గుడ్డ కప్పింది.

అప్పుడు సందులో తడి చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు తీస్తే ఒక నర్సు. భుజాన దుప్పటి మూట, మూటలోంచి గొడుగు పిడులు తొంగిచూస్తున్నాయి. అవి తన వార్డువాళ్లందరివీ అంది. వెబ్‌సైటు చూసి వచ్చిందట. ఎలా తెలిసిందమ్మా అని గొడుగులమ్మ అడిగింది.

నర్సు కొంచెం తటపటాయించింది. మొన్న పెద్ద వానలో బస్సు దిగితే తన గొడుగు తెరుచుకోలేదట. ఎవరో ఒకాయన ఏమీ అనకుండా తన గొడుగు ఇటు జరిపాడట.

“వంతెన దాటేదాకా ఆయన మాట్లాడితే ఒట్టు. నాకూ ఏం మాట్లాడాలో తెలీలేదు. పక్కకి చూస్తే ఆయన, కిందకి చూస్తే బురద. ఎటు చూడాలండీ? పైకి చూశాను. చదవడానికి దొరికింది అదొక్కటే.”

గొడుగులమ్మ నవ్వడం మరిచిపోయి నర్సు వంక చూసింది. గొడుగు కిందకు చేరే రెండో మనిషిని మరిదీ లెక్కలోకి తీసుకోలేదు, తనూ తీసుకోలేదు. తర్వాత డబ్బా మీది గుడ్డ లాగి పక్కన పడేసింది. గుండీల పనికి వేరే మనిషిని చూసుకోమనండి అని లోపలికి కేకేసింది. లోపల డ్రైవరు సరేనన్నాడు, రేడియో సౌండు కొంచెం పెంచాడు.

మూట విప్పి గొడుగులు ఒక్కొక్కటీ తెరిచి చూస్తుంటే ఆవిడకు ఏదో తట్టింది.

“ఆయన గొడుగులో అక్షరాల పక్క ఊచ కాస్త వంగి ఉందా, తల్లీ?”

“ఉంది. వంతెన పొడుగునా దాన్నేగా చూశాను.”

“చెక్క పిడి, చివర చిన్న గాటు. నాకు తెలుసు. ఆ వంపు నాది కాదు, గాలిది. ఆయనెవరో గానీ, గొడుగు ఒకసారి తీసుకురమ్మని చెప్పు.”

నర్సు కిటికీలోంచి ఆకాశం వంక చూసింది. పడమట మబ్బులు విడిపోతున్నాయి. ఊళ్లో అందరూ హమ్మయ్య అనుకునే వేళకు నర్సు ముఖం కాస్త చిన్నబోయింది.

“చెప్తానండీ,” అంది. “రేపు కూడా వాన పడితే.”