మైనం దిమ్మలో పిన్ని బుగ్గ

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వేదాన్ని. దెయ్యాల దాకా ఎందుకు, నేను మనుషుల్నే ఓ పట్టాన నమ్మను. కూరగాయల వాడి త్రాసు కూడా ఎత్తి కింద చూసే రకం. అందుకే ఇది చెప్పుకోవడానికి నాకే చిన్నతనంగా ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, విశాఖలో ఒక డెంటల్ కాలేజీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేసేదాన్ని. నోట్లోంచి తీసిన గడ్డల్ని మైనంలో పోతపోసి, ఆ దిమ్మని మిషను మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, మైక్రోస్కోపులో చూడ్డానికి గాజు పలకల మీదకి ఎక్కించడం నా పని.

ఆ ఏడాది గాజువాకలో ఉండే మా పిన్నికి బుగ్గ లోపల శనగగింజంత గడ్డ లేచింది. విరిగిన పన్ను రోజూ అక్కడే ఒరుసుకునేది. అదొక్కటే అయితే భయపడేవాళ్లం కాదు. పిన్నికి అడ్డపొగ అలవాటు. చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. మా వైపు ముసలమ్మలకి అది మామూలే. క్యాన్సరేమోనని మా అమ్మకి ముద్ద దిగడం లేదు. మా కాలేజీలోనే గడ్డ తీయించాం. ఆ ముక్కని నా చేత్తోనే దిమ్మ చేశాను.

మొదటి పొరలు చూసి మా డాక్టరుగారు, "దాదాపు అంతా కొలాజెనే" అన్నారు. దెబ్బ తగిలిన చోట ఒళ్లు అల్లుకునే పీచు అది, హాని చెయ్యదు. కానీ పైపొరలో ఒక మూల ఆయనకి నచ్చలేదు. ఇంకా లోతుకి కోసి చూస్తేగానీ చెప్పలేనన్నారు.

ఆదివారం పిన్నిని చూడ్డానికి వెళ్లాను. గడ్డ తీసిన పుండు పూర్తిగా మానిపోయింది. అయినా నన్ను చూడగానే బుగ్గ పట్టుకుంది.

"ఓలమ్మా, గురువారం పొద్దున్న బ్లేడెట్టి కోసినట్టయిందే. ఒకపాలి కాదు, వరసగా. నాను సచ్చిపోతాననుకున్నాను."

నేను దిమ్మ కోసింది గురువారం పొద్దున్నే. నాకు భయం వెయ్యలేదు, అనుమానం వచ్చింది. ఎవరో చెప్పి ఉంటారు. కానీ ఎవరు? ఆ ఇంట్లో ఫోను కూడా లేదు.

తేల్చుకుందామనుకున్నాను. అమ్మకి సంగతి చెప్పకుండా, నాలుగు రోజులు పిన్నికి తోడుండమని పంపాను. ఒక రోజు ల్యాబులో అందరూ భోజనానికి వెళ్లాక, తలుపేసుకుని లోతు పొరలు కోశాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

సాయంత్రం గాజువాక వెళ్తే, నేను అడక్కముందే అమ్మ అందుకుంది.

"మజ్జాన్నం కంచం ముందు కూకుని, ఉన్నపాటున బుగ్గ పట్టుకుని ఏడిసిందే. ఏటయిందే అంటే, కోస్తన్నారంటది."

డాక్టరుగారు ఆ పొరలు చూశారు. క్యాన్సర్ జాడ లేదు. కొలాజెన్ కోసం వేసే ఎర్రరంగు వేయించి, ప్రత్యేకమైన కాంతిలో పెట్టి నన్నూ చూడమన్నారు. చీకట్లో పీచులన్నీ నారింజ రంగులో, ఆకుపచ్చలో మెరుస్తున్నాయి. పిన్ని గండం గడిచిందని నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆయన మాత్రం సంబరంగా, "ఇంత మంచి కొలాజెన్ మళ్లీ దొరకదమ్మా. స్టూడెంట్లకి తలో స్లైడు కోసిపెట్టు" అన్నారు.

"దిమ్మ అయిపోయింది సార్" అన్నాను. సగానికి పైగా అలాగే ఉంది.

కాకతాళీయమని సర్దిచెప్పుకోవాలని ఎంతో చూశాను, కుదరలేదు. పిన్ని పోయి చాలా ఏళ్లయింది. ఆ దిమ్మ నా దగ్గరే ఉంది. ఇప్పుడు కోసినా నొప్పి పడేవాళ్లెవరూ లేరు. ఎందుకో ఆ మాటని కూడా నమ్మలేకపోతున్నాను.