కరెంటు తీసిన టీచరమ్మ

ఒకే ఒక్క కాగితంతో కాలనీ మొత్తంలో మరమగ్గాలను ఆపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? సమ్మెకు పిలుపిచ్చే నాయకులు కూడా ఆ పని చేయాలంటే పదిరోజులు గొంతు చించుకోవాలి. నేను నోరైనా విప్పలేదు. పైగా మగ్గాలు ఆపాలన్న ఆలోచనే నాకు లేదు. ఎంత నష్టం చేశానో, ఎంత సిగ్గుపడ్డానో దాచకుండా చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఊరంతా నవ్వి వదిలేసిందే.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి మూడు నెలలు. మంథనిలో పుట్టి పెరిగిన నాకు సిరిసిల్లలో, నేత కార్మికుల కాలనీలో ఉన్న చిన్న సర్కారు బడిలో పోస్టింగు ఇచ్చారు. ఆ కాలనీ సందుల్లో ఎదురుగా ఆటో వస్తే మనం ఎవరింట్లోకైనా దూరి మంచినీళ్లు తాగి రావాల్సిందే. ఇంటి ముందుగదిలో సాంచాలు, అంటే మరమగ్గాలు. వెనకగదిలో సంసారం. పొద్దంతా టకటకా టకటకా అని ఒకటే మోత. ఆ మోతలో పెరిగిన పిల్లలు కాబట్టి, "మేడం, ఒంటికి పోయొస్త!" అని అడిగితే పక్క వీధివాళ్లు కూడా అనుమతి ఇచ్చేవారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, కొత్త టీచరమ్మకు పొద్దే కాదు, హద్దూ తెలియదు. మా బడిలో అప్పుడే ఇంగ్లీషు మీడియం మొదలైంది. నేను కరీంనగర్‌లో ఐదు రోజుల శిక్షణ పొంది వచ్చాను. ఐదు రోజుల్లో ఇంగ్లీషు నాకు పట్టుబడిందో లేదో కానీ, నేను మాత్రం ఇంగ్లీషుకు గట్టిగా పట్టుబడ్డాను.

ఆ ఊపులోనే తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. మండల విద్యాధికారి కూడా వస్తున్నారన్నారు. అంతకు ముందు సమావేశానికి వచ్చినవాళ్లు నలుగురట. అందులో ఒకాయన వాన పడుతోందని ఆగినవాడట.

"ఈసారి హాలు నిండుతుంది సార్, నాకు వదిలేయండి" అన్నాను మా హెడ్మాస్టరుతో. ఆయన నెమ్మదస్తుడు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి.

నేను తయారుచేసిన నోటీసు చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అంతా ఇంగ్లీష్లనే ఉన్నదేందమ్మా? జర తెలుగుల రాస్తే ఏమైతది?"

"మనది ఇంగ్లీషు మీడియం సార్! నోటీసు చూడగానే తల్లిదండ్రులకు నమ్మకం కలగాలి."

"నాకైతే భయం గలుగుతుంది" అన్నాడాయన. అయినా స్టాంపు వేశాడు.

ఆ నోటీసు ఎలా ఉండేదో చెప్పాలి, అసలు సంగతంతా అందులోనే ఉంది. పైన 'పవర్ ఆఫ్ పేరెంట్స్' అని శీర్షిక. అందులో 'పవర్' అన్న మాటను గుమ్మడికాయంత అక్షరాలతో వేశాను. మిగతా రెండు మాటలకు చోటు చాలక కింది వరుసలో చీమల్లా చేరాయి. ఆ కింద శనివారం, పది నుంచి ఒంటిగంట వరకు. ఆ కింద 'వితౌట్ ఫెయిల్' రావాలని. చివర చుక్కల గీత, కత్తెర బొమ్మ, దాని పక్కన 'కట్ హియర్'. ఆ ముక్క కత్తిరించి, సంతకం పెట్టి తిరిగి పంపాలన్నమాట.

పిల్లలకు కూడా ఇంగ్లీషులోనే చెప్పాను, మీ అమ్మానాన్నల్ని తీసుకురండి అని. "యెస్ మేడం!" అని పైకప్పు ఎగిరేలా అరిచారు. వాళ్లు నేనేమన్నా యెస్ మేడం అనే అంటారని నాకప్పటికి తెలియదు.

రెండు రోజుల్లో అరవై రెండు చీటీలూ సంతకాలతో తిరిగొచ్చాయి. ఒక్కటీ తగ్గలేదు! నేను వాటిని గుండెకు హత్తుకున్నంత పని చేశాను. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు చెప్పారు కానీ, చీటీలు రాగానే మీటింగు కాదని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు కాలనీలో ఏం జరిగిందో వినండి. ఇది నాకు తర్వాత తెలిసింది.

ఆ కాలనీలో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా గంగారాం దగ్గరికే పోతుంది. పదేళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చి, మళ్లీ సాంచాలు నడుపుకుంటున్న మనిషి. మందు డబ్బా మీద రాత నుంచి సిమ్ కార్డు కాగితం దాకా ఆయన చదివి చెప్పిందే ఖాయం. అందరూ నా నోటీసు పట్టుకుని ఆయన వాకిట్లో చేరారట.

ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "పవర్ అని ఉన్నది. శనివారం, పదింటి నుంచి ఒంటిగంట దాంక. నడుమ ఔట్ అని ఉన్నది, ఫెయిల్ అని ఉన్నది. కింద కట్ అని ఉన్నది. కత్తెర బొమ్మ గూడ ఏసిండ్రు! ఇంకేం గావాలె? పవర్ కట్!"

"మరి కరెంటోళ్ల కాయితం బడి పోరగాండ్లతోని ఎందుకు పంపిండ్రు?" అని సాంచాలకు నూలు కండెలు చుట్టే రాజవ్వ అడిగిందట.

"ఇల్లిల్లు తిరగనీకి లైన్‌మన్‌కు బద్దకం. పోలియో చుక్కల ముచ్చట గూడ బడిలనే చెప్తరు గదా? సంతకం పెట్టుండ్రి, మనకు తెల్సినట్టు."

అరవై రెండు సంతకాల వెనకున్న రహస్యం అదీ!

శనివారం తెల్లచీర కట్టుకుని, హాలులో జంపఖానాలు పరిపించి నిలబడ్డాను. విద్యాధికారి వచ్చి కూర్చున్నారు. సరిగ్గా పదింటికి కాలనీలో సాంచాలు ఒక్కొక్కటీ ఆగిపోసాగాయి. ఐదు నిమిషాల్లో చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దానికి ఎవరింట్లోనో ఉయ్యాలలో పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది.

"చూశారా సార్! మన మీటింగు కోసం సాంచాలు బంద్ పెట్టారు!" అన్నాను. హెడ్మాస్టరు నన్ను మొదటిసారి గౌరవంగా చూశాడు.

పదింపావైంది. ఎవరూ రాలేదు. పదిన్నరైంది. ఒక మేక వచ్చి జంపఖానా అంచు వాసన చూసి పోయింది.

అక్కడ కాలనీలో ఇంకో అవస్థ. కరెంటు హఠాత్తుగా పోతే పోగులు తెగుతాయని అందరూ ముందే సాంచాలు ఆపి కూర్చున్నారు. కరెంటేమో పోదు! ఫ్యాన్లు గిరగిరా తిరుగుతున్నాయి, బల్బులు వెలుగుతున్నాయి. నేసిన బట్టకు మీటరు లెక్కన కూలి వచ్చే మనుషులు కరెంటు ఉండగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. నడిపిద్దామంటే ఎప్పుడు పోతుందోనని భయం. చివరికి ఓపిక నశించి లైన్‌మన్ మల్లేశంను పట్టుకున్నారు.

"కరెంట్ ఎప్పుడు తీస్తవయ్యా? జల్ది తీయి, పరేషాన్ అయితున్నం!"

కరెంటు తీయమని జనం బతిమాలడం ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదలు. నోటీసు తీసుకుని అడుగుదాకా చదివాడు. "అరె, ఇది బడి కాయితమే! మీ అందర్ని మీటింగ్‌కు పిలిచిండ్రు!"

పది నలభై ఐదుకు కిటికీలోంచి చూస్తే సందు నిండా జనం, ముందు లైన్‌మన్. "వస్తున్నారు సార్! కరెంటాయన కూడా వస్తున్నాడు!" అన్నాను. అధికారి ఫోను మోగడంతో ఆయన సిగ్నలు వెతుక్కుంటూ బడి వెనక సందులోకి వెళ్లారు. అది నా పూర్వజన్మ పుణ్యం.

"ఎవలు రాసిండ్రు గీ కాయితం?" గుమ్మంలోనే గర్జించాడు ఒకాయన.

"నేనే!" అన్నాను, దండ వేయించుకోవడానికి మెడ చాపినట్టు.

తర్వాత పది నిమిషాలు నా మీద కురిసిన మాటలు ఇక్కడ రాయను. నాకంటే ఎక్కువ పడింది మాత్రం గంగారాం మీద. "మస్కట్ల ఒంటెలు గాసినవా?" "గిదేనా నీ ఇంగ్లీషు?" అని తలా ఒక మాట. ఆ పెద్దమనిషి గోడకు ఆనుకుని, తల వంచుకుని, ఆ కాగితాన్నే మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. అప్పటిదాకా నాకు భయమే వేసింది. ఆయన ముఖం చూశాక సిగ్గేసింది.

"ఆగండి!" అని అరిచాను. సాంచాల మోత మధ్య మూడు నెలలు పాఠాలు చెప్పిన గొంతు కదా, అందరూ ఆగారు. "ఆయన తప్పు చదవలేదు. పవర్ అని రాసింది నేనే, కట్ అని రాసింది నేనే. కత్తెర గీసిందీ నేనే. మన తెలుగులో రెండు ముక్కలు రాసి ఉంటే మీకీ నష్టం ఉండేది కాదు. తప్పు నాది."

లైన్‌మన్ కాగితం ఎత్తి చూపించాడు. "నిజమే. దూరంకెల్లి చూస్తే నాకు గూడ పవర్ కట్ లెక్కనే కొట్టింది."

ముందుగా నవ్వింది రాజవ్వ. "ఓ బిడ్డా, మా పోరగాండ్లకు ఇంగ్లీష్ నేర్పు గని, మాకు నేర్పకు తల్లీ! మాకు సాంచాలున్నయ్." హాలంతా గొల్లుమంది. గంగారాం కూడా నవ్వి, తల ఎత్తి ముందు వరుసలో కూర్చున్నాడు. "ఎట్లనో వచ్చినం. పోరగాండ్లు ఎట్ల చదువుతున్నరో చెప్పుండ్రి మేడం" అన్నాడు. ఒక్కరూ లేచి పోలేదు. ఏ పిల్ల లెక్కల్లో వెనకబడిందో, ఎవడికి కళ్లజోడు కావాలో, అన్నీ కూర్చుని మాట్లాడుకున్నాం, తెలుగులోనే.

ఆ మాటల మధ్యలో ఫోను ముగించుకుని వచ్చిన అధికారి, కిక్కిరిసిన హాలు చూసి నోరు తెరిచారు. అరవై రెండు కుటుంబాలు, అదనంగా ఒక లైన్‌మన్! తనిఖీ పుస్తకంలో 'నూటికి నూరు శాతం హాజరు, అభినందనీయం' అని రాశారు. అంతటితో ఆగితే బాగుండేది.

"అమ్మా, వచ్చే నెల మండలంలో టీచర్లందరికీ మీరే ఒక క్లాసు చెప్పాలె. తల్లిదండ్రులను బడికి రప్పించుడు ఎట్లా అని. మీ పద్ధతి అందరికీ తెలియాలె."

హెడ్మాస్టరు దగ్గు వచ్చినట్టు నటిస్తూ బయటికి పరుగెత్తాడు.

కాబట్టి, అరవై రెండు సంతకాల సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంత కాలం ఏ నోటీసు మీదా కత్తెర బొమ్మ గీయను. తల్లిదండ్రులతో పని పడితే వాళ్ల గుమ్మం ముందుకే పోయి, సాంచాలను మించి అరిచి చెబుతాను. ఇక ఆ క్లాసంటారా? చెప్పాను. నోటీసులు వద్దు, గుమ్మాల ముందుకే పోండి అని చెప్పీ చెప్పీ ఇంటికి చేరేసరికి గొంతు పోయింది. అయినా అందరి సందేహమూ ఒకటే, "మేడం, ఆ నోటీసు నమూనా ఒక కాపీ ఇస్తారా?"